చనిపోయాక పడిన నిషేధం

1963 సెప్టెంబర్ 5న దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో పోలీసు నిర్బంధంలో లుక్‌స్మార్ట్ ఎన్‌గుడ్లే చనిపోయారు. ఆయన తెల్లవాళ్ల పాలనతో పోరాడిన ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ కార్యకర్త. కేప్‌టౌన్‌లో పట్టుకుని అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు. ఉరేసుకున్నాడని పోలీసులు చెప్పారు, ఇంట్లోవాళ్లు నమ్మలేదు. చావు ఎలా జరిగిందో తేల్చే మేజిస్ట్రేటు విచారణ మొదలైనప్పుడు ఒక సంగతి బయటపడింది. ఎన్‌గుడ్లే మీద ప్రభుత్వం నిషేధపు ఉత్తర్వు ఇచ్చింది. నిషేధం ఉన్న మనిషి అన్న మాటను ఎవరూ ఎక్కడా తిరిగి చెప్పకూడదు. అంటే లాకప్‌లో తననేం చేస్తున్నారో ఆయన పక్క ఖైదీకి చెప్పుకుని ఉంటే, ఆ మాటను కోర్టులో పలకడానికీ చట్టం అడ్డొస్తుంది. ఆ ఉత్తర్వు వెలువడేనాటికి ఆయన చనిపోయి వారాలు గడిచాయి.

మొదటిసారి ఇది చదివినప్పుడు ఏ గుమాస్తానో తేదీ చూసుకోలేదేమో అనుకున్నాను. ఆ కాలపు దక్షిణాఫ్రికా చట్టాలను వరసపెట్టి చూస్తే అలా అనిపించదు. ఒక్కో చట్టం అంతకు ముందు చట్టంలో మిగిలిపోయిన కంత పూడ్చడానికి వచ్చింది. ఎన్‌గుడ్లే కేసులో మిగిలిన కంత చచ్చిపోయిన మనిషి మాట. దాన్నీ పూడ్చారు.

తెల్లవాళ్ల పాలన అనగానే మనకు లాఠీలు, తుపాకులు, మండేలాను ఉంచిన రాబెన్ దీవి జైలు గుర్తొస్తాయి. అవన్నీ ఉన్నాయి. కానీ ఆ దేశాన్ని అర్థం చేసుకోవడం కష్టమయ్యేది వేరే చోట. 1960లో కోటీ అరవై లక్షల జనాభాలో తెల్లవాళ్లు సుమారు ముప్పై లక్షలు. ఆ ముప్పై లక్షలకు పార్లమెంటు ఉంది, గడువుకు ఎన్నికలు జరిగేవి, ప్రతిపక్షం ఉంది, ప్రభుత్వాన్ని తిట్టే పత్రికలున్నాయి, గౌన్లు వేసుకున్న జడ్జీలున్నారు. మిగతా ఆఫ్రికాతో పోల్చుకుని మాది చట్టబద్ధమైన దేశం అని వాళ్లు గొప్పగా చెప్పుకునేవాళ్లు. బయటినుంచి పెట్టుబడి పెట్టేవాళ్లకూ ఆ మాట కావాలి. అందుకని మనుషులను మాయం చెయ్యాలన్నా గెజిట్ నోటిఫికేషన్ ఉండాల్సిందే.

కమ్యూనిస్టు అంటే ఎవరు?

1948లో నేషనల్ పార్టీ అధికారంలోకి వచ్చింది. రెండేళ్లకు కమ్యూనిజం అణచివేత చట్టం చేసింది. అందులో కమ్యూనిజానికి ఇచ్చిన నిర్వచనంలో మార్క్స్ పేరుతో పాటు ఇంకో వాక్యం ఉంది. అలజడి రేపి దేశంలో రాజకీయ, పారిశ్రామిక, సామాజిక, ఆర్థిక మార్పు ఏది తేవాలనుకున్నా అది కమ్యూనిజమే. బస్సు చార్జీల మీద జనాన్ని కూడగట్టినా ఇందులో ఇరికించొచ్చు. 1952లో అన్యాయపు చట్టాలను కావాలని ఉల్లంఘించే ఉద్యమంలో ఎనిమిది వేలమందికి పైగా అరెస్టయ్యారు. ఆ కేసులో మండేలా తదితరులను దోషులుగా తేల్చిన జడ్జి రంఫ్, ఇది చట్టం చెప్పిన కమ్యూనిజమే తప్ప లోకం ఎరిగిన కమ్యూనిజం కాదని తానే ఒప్పుకున్నారు. ఒప్పుకునే శిక్ష వేశారు, సస్పెండెడ్ శిక్షే అయినా.

ఇదే చట్టం నుంచి పుట్టింది నిషేధపు ఉత్తర్వు. మంత్రి సంతకం చాలు, కోర్టు అక్కర్లేదు. నిషేధం పడిన మనిషి తన జిల్లా దాటకూడదు. మీటింగుకు వెళ్లకూడదు, ఉత్తర్వును బట్టి ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చున్నా మీటింగే. పుట్టినరోజు విందుకు పోయినా కేసే. నిషేధం పడిన ఇద్దరు మాట్లాడుకోకూడదు. భార్యాభర్తలిద్దరి మీదా నిషేధం ఉంటే ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకోవాలి. ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ నాయకుడు ఆల్బర్ట్ లుథులీకి 1960 నోబెల్ శాంతి బహుమతి వచ్చింది, ఆయన్ను గ్రౌట్‌విల్ అనే ఊరి చుట్టుపక్కలకే కట్టిపడేశారు. దేశమంతా తెలిసిన ఆ పెద్దమనిషి ఏమన్నాడో సొంత దేశపు పత్రికలు వెయ్యకూడని పరిస్థితి. రాజకీయ ఖైదీల లెక్క తీసేవాళ్లు జైలు రిజిస్టరు చూస్తే వీళ్లెవరూ కనపడరు. ఇంట్లోనే ఉంటారు, గోడలు మాత్రం ఉండవు.

నిర్దోషులని తేలడమే కొంప ముంచింది

1956 డిసెంబర్‌లో 156 మందిని తెల్లారకుండా ఇళ్లలోంచి లేపి పట్టుకుపోయారు. నేరం రాజద్రోహం. కేసు నాలుగేళ్లు దాటి నడిచింది. గుట్టలకొద్దీ కాగితాలు, ప్రసంగాల నోట్సులు సాక్ష్యంగా పెట్టారు. 1961 మార్చి 29న ముగ్గురు జడ్జీలు చివరిదాకా మిగిలిన నిందితులను నిర్దోషులుగా వదిలేశారు. అందులో ఒకరు ఆ రంఫే.

దీన్ని న్యాయవ్యవస్థ విజయంగా చెబుతారు, ఒప్పుకుంటాను. కాకపోతే ప్రభుత్వం దీని నుంచి నేర్చుకున్న పాఠం వేరే. కాగితాలు పెడితే కేసు నిలవదు, మనుషులు నోరు విప్పాలి. నోరు విప్పించాలంటే లాయరు, కోర్టు, కుటుంబం మధ్యలో ఉండకూడదు. ఈలోగా 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పోలీసులు 69 మందిని కాల్చి చంపారు, ఎమర్జెన్సీ పెట్టారు, ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌ను, పాన్ ఆఫ్రికనిస్ట్ కాంగ్రెస్‌ను నిషేధించారు. ఉద్యమం రహస్యంగా మారి సాయుధ దారి పట్టింది. చట్టం కూడా వేగం పెంచింది. 1961లో పన్నెండు రోజులు బెయిల్ లేకుండా ఉంచే అధికారం వచ్చింది. 1962లో విధ్వంసానికి కనీసం ఐదేళ్లు, గరిష్ఠంగా ఉరి. 1963లో తొంభై రోజుల చట్టం.

ఈ చట్టాన్ని తెచ్చిన న్యాయశాఖ మంత్రి జాన్ వోర్‌స్టర్. రెండో ప్రపంచ యుద్ధంలో హిట్లర్ వైపు మొగ్గిన సంస్థలో పనిచేసినందుకు ఆయన్నే 1942లో పట్టుకుని కోఫీఫాంటైన్ శిబిరంలో విచారణ లేకుండా ఉంచారు. ఆ బాధ తెలిసినవాడు కదా అనుకుంటాం. ఆయనకు దాని ఉపయోగం తెలిసొచ్చినట్టుంది. పార్లమెంటులో ప్రధాన ప్రతిపక్షం కూడా చట్టానికి మద్దతిచ్చింది. వ్యతిరేకంగా పడిన ఓటు ఒక్కటే, హెలెన్ సుజ్‌మన్‌ది.

చట్టం చెప్పేది ఇంత. రాజకీయ నేరం గురించి ఏదో తెలుసని పోలీసు అధికారికి అనుమానం వస్తే వారంటు లేకుండా ఎవరినైనా తీసుకుపోవచ్చు. తొంభై రోజులో, లేదా అడిగిన ప్రశ్నలకు తృప్తికరంగా జవాబు చెప్పేదాకానో. తృప్తి ఎవరిది? పోలీసు కమిషనర్‌ది. లాయరు రాకూడదు, విడిచిపెట్టమని కోర్టు ఆదేశించకూడదు. మన పీడీ యాక్ట్ మీద ఎన్ని విమర్శలున్నా, ఎందుకు పట్టుకున్నారో కాగితం మీద చెప్పాలి, మూడు నెలలు దాటాలంటే సలహా మండలి చూడాలి. అక్కడ ఆ తంతు కూడా లేదు. (మీసా రోజుల్లో, 1976లో, హెబియస్ కార్పస్ పిటిషన్లు వినేది లేదన్న మన సుప్రీంకోర్టును తలుచుకుంటే మరీ గర్వంగా చెప్పుకునే పోలిక కూడా కాదనుకోండి.)

తొంభై రోజులయ్యాక? జర్నలిస్టు రూత్ ఫస్ట్‌ను వదిలేశారు. స్టేషన్ నుంచి బయటికొచ్చి రోడ్డు మీద నిలబడ్డారో లేదో మళ్లీ అరెస్టు చేశారు. మొత్తం 117 రోజులు ఒంటరి గదిలో. ఇలా మళ్లీ మళ్లీ పట్టుకోవచ్చా అన్న ప్రశ్న దేశపు అత్యున్నత కోర్టుకు వెళ్లింది. పట్టుకోవచ్చంది. లాయరు ఆల్బీ సాక్స్ తనకు చదువుకోవడానికి పుస్తకాలు, రాసుకోవడానికి కాగితం ఇప్పించమన్నారు. అక్కర్లేదంది. మనిషిని ఒంటరిగా ఉంచి మాట్లాడించడమే చట్టం ఉద్దేశం అయినప్పుడు, ఒంటరితనాన్ని తేలిక చేసే పుస్తకం ఆ ఉద్దేశానికే అడ్డు. తర్కం తప్పు పట్టలేం, అదే భయం. ఈ సాక్స్ 168 రోజులు అలా గడిపారు. మూడు దశాబ్దాల తర్వాత కొత్త దేశపు రాజ్యాంగ న్యాయస్థానంలో జడ్జి అయ్యారు.

ఈ ఏర్పాటులో అసలు కీలకం ఇక్కడుంది. బయటి ప్రపంచానికి కనిపించే కోర్టు మామూలుగానే ఉంటుంది. తలుపులు తెరిచి ఉంటాయి, పత్రికలవాళ్లు కూర్చుంటారు, నిందితుడికి మంచి లాయరు ఉంటాడు, క్రాస్ ఎగ్జామినేషన్ జరుగుతుంది. బోనెక్కిన సాక్షి మాత్రం నెలల తరబడి ఒంటరి గదిలో ఉండి నేరుగా అక్కడికే వచ్చాడు. పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలం నుంచి తప్పుకుంటే అబద్ధపు సాక్ష్యం కేసు, మళ్లీ అదే గది. మన భాషలో చెప్పాలంటే అప్రూవర్లను తయారుచేసే కార్ఖానా. 1965లో ఇంకో చట్టం దీన్ని దాపరికం లేకుండా చెప్పేసింది, సాక్షులనే నూటఎనభై రోజులు నిర్బంధించొచ్చని.

అందరూ లొంగలేదు. 1969లో మండేలా భార్య విన్నీ, మరో 21 మంది మీద పెట్టిన కేసులో శాంతీ నాయుడు అనే యువతిని సాక్షిగా నిలబెట్టారు. నెలల తరబడి ఒంటరి నిర్బంధం తర్వాత కోర్టుకొచ్చి, నా స్నేహితుల మీద సాక్ష్యం చెప్పను అన్నారు. చెప్పనందుకు రెండు నెలల శిక్ష పడింది. నాయుడు అనగానే మనవాళ్లేనా అని మనసు లాగుతుంది. ఆమె తాత తంబి నాయుడు, గాంధీ సత్యాగ్రహంలో పదేపదే జైలుకు వెళ్లిన మనిషి, జొహనెస్‌బర్గ్ తమిళ సంఘంలో ముఖ్యుడు. ఆయనకు లిపి రాకపోయినా కొంత తెలుగు వచ్చని గాంధీ రాశారు. అంతవరకే చెప్పగలం. ఆ ఇంట్లో మూడు తరాలు జైలు చూశాయి.

ఆ కేసులో విన్నీ, మిగతావాళ్లు 1970 ఫిబ్రవరిలో విడుదలయ్యారు. కోర్టు గదిలోనే మళ్లీ పట్టుకున్నారు. కేసు నడిచింది కమ్యూనిజం అణచివేత చట్టం కింద, పట్టుకున్నది ఇంకో చట్టం కింద.

గడువు లేని గది

ఆ ఇంకో చట్టం 1967 నాటి టెర్రరిజం యాక్ట్. తొంభై, నూటఎనభై లాంటి అంకెలే ఇందులో లేవు. ఆరో సెక్షన్ కింద పట్టుకుంటే ఎన్నాళ్లయినా ఉంచొచ్చు, ఆ నిర్బంధం చెల్లుతుందో లేదో కోర్టు చెప్పకూడదు. చేసిన పని వల్ల ప్రభుత్వ పాలనకు ఇబ్బంది కలిగేలా ఉంటే చాలు, టెర్రరిజం ఉద్దేశంతోనే చేశాడని కోర్టు అనుకోవాలి. కాదని నిరూపించుకోవాల్సింది నిందితుడే. పైగా ఈ చట్టం 1962 నుంచే అమల్లో ఉన్నట్టు లెక్క. ఎందుకలా? అప్పటికే పట్టుకుని ఉంచిన నమీబియా ఉద్యమకారులకు సరిపోవాలి కాబట్టి. వాళ్లలో ఒకరు తోయివో యా తోయివో. దక్షిణాఫ్రికా ఆక్రమించుకున్న తన దేశం నుంచి ప్రిటోరియాకు తెచ్చి విచారించి ఇరవై ఏళ్లు వేశారు. పదహారేళ్లు రాబెన్ దీవిలో గడిపారు.

ఒక్క మనిషి కోసం చట్టం చేసిన ఘనత కూడా వాళ్లదే. పాన్ ఆఫ్రికనిస్ట్ కాంగ్రెస్ నాయకుడు రాబర్ట్ సొబుక్వే 1960లో, నల్లవాళ్లు అనుమతి పుస్తకం ఎప్పుడూ వెంట ఉంచుకోవాలనే పాస్ చట్టాన్ని ధిక్కరించి తానే వెళ్లి అరెస్టయ్యారు. మూడేళ్ల శిక్ష. 1963 మేలో విడుదల కావాలి. సరిగ్గా ఆ సమయానికి, శిక్ష పూర్తయినా మంత్రి అనుకుంటే జైల్లోనే ఉంచవచ్చనే నిబంధన వచ్చింది. పార్లమెంటు దాన్ని ఏడాదికోసారి పొడిగించాలి. పొడిగిస్తూ పోయింది, 1969 దాకా. దాన్ని వాడింది ఆయన ఒక్కరి మీదే. రాబెన్ దీవిలో మిగతా ఖైదీలకు దూరంగా ఒక ఇంట్లో పెట్టారు. సాంకేతికంగా ఆయన శిక్ష అనుభవిస్తున్న ఖైదీ కాదు, కాబట్టి సొంత బట్టలు వేసుకోవచ్చు, పుస్తకాలు చదువుకోవచ్చు. మాట్లాడటానికి మనిషి ఉండడు. విడిచిపెట్టాక కింబర్లీ పట్టణానికి కట్టడి చేశారు. 1978లో అక్కడే పోయారు.

జైలు లోపల కూడా రంగును బట్టే వరస. 1964 జూన్ 12న, మండేలా తదితరుల మీద విధ్వంసం నేరం మోపిన రివోనియా కేసులో ఎనిమిది మందికి యావజ్జీవం పడింది. అందులో డెనిస్ గోల్డ్‌బర్గ్ తెల్లవాడు కాబట్టి ఆయన్ను తోటివాళ్లతో రాబెన్ దీవికి పంపలేదు, ప్రిటోరియాలో తెల్లవాళ్ల జైల్లో పెట్టారు. ఒకే కేసు, ఒకే శిక్ష, ఇరవై ఏళ్లకు పైగా విడివిడిగా. దీవికి వెళ్లినవాళ్లలో అహ్మద్ కత్రాడా భారతీయ సంతతి. ఆయనకు పొడుగు ప్యాంటు ఇచ్చారు, మండేలాకు నిక్కరు. కత్రాడాకు బ్రెడ్డు, ఆఫ్రికన్లకు బ్రెడ్డు లేదు, చక్కెర కూడా తక్కువ. వయసులో అందరికన్నా చిన్నవాడు కత్రాడాయే. పెద్దవాళ్లను నిక్కర్లలో నిలబెట్టి ‘బోయ్’ అని పిలవడం ఆ దేశపు అలవాటు, జైలు దాన్ని యూనిఫాంగా కుట్టింది.

రాజకీయ ఖైదీలను అట్టడుగు తరగతిలో వేసేవారు. ఆరు నెలలకు ఒక ఉత్తరం, ఒక ములాఖత్. ఇంటి విషయాలు తప్ప మాట్లాడకూడదు. దొంగలకు, హంతకులకు మంచి నడవడికకు శిక్ష తగ్గేది, వీళ్లకు తగ్గేది కాదు. అయినా మా దగ్గర రాజకీయ ఖైదీలంటూ ఎవరూ లేరు, నేరస్థులే ఉన్నారు అని ప్రభుత్వం చెబుతూనే ఉంది. ఈ సంగతులు బయటికి రాకపోవడానికీ చట్టముంది. 1959 జైళ్ల చట్టం ప్రకారం జైలు గురించి తప్పుడు సమాచారం వేస్తే నేరం, సరిచూసుకోవడానికి తగినంత ప్రయత్నం చేశామని రుజువు చేసుకోవాల్సిన భారం పత్రికది. 1965లో రాండ్ డైలీ మెయిల్ ఒక మాజీ ఖైదీ చెప్పిన కథనాలు వేసింది. చెప్పిన హెరాల్డ్ స్ట్రాచన్‌ను మళ్లీ జైల్లో వేశారు, ఎడిటర్‌నూ రిపోర్టర్‌నూ కోర్టు దోషులుగా తేల్చింది. ఆ తర్వాత పత్రికలు జైలు ఊసెత్తడానికి జంకాయి.

బ్రామ్ ఫిషర్ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. రివోనియా కేసులో నిందితుల తరఫున ముఖ్య లాయరు. పుట్టుకకు ఆఫ్రికానర్, అంటే పాలకుల డచ్ సంతతి జాతివాడే, తాత ఒకప్పుడు ఆరెంజ్ రివర్ కాలనీకి ప్రధానమంత్రి. పాలకులకు ఆయన ఇంటిదొంగ కింద లెక్క. 1966లో ఆయనకూ యావజ్జీవం వేశారు. క్యాన్సర్ ముదిరాక 1975లో బ్లూమ్‌ఫాంటైన్‌లోని తమ్ముడి ఇంటికి పంపారు. వదిలిపెట్టి కాదు, ఆ ఇంటినే జైలుగా ప్రకటించి. చనిపోయాక అంత్యక్రియలు జరుపుకోనిచ్చారు గానీ అస్థికలను జైళ్ల శాఖ తీసేసుకుంది.

డాక్టరు రాసిన చీటీ

సబ్బు మీద కాలు జారాడు. మెట్ల మీద నుంచి పడ్డాడు. కిటికీలోంచి దూకాడు. నిర్బంధంలో చనిపోయినవాళ్ల గురించి పోలీసులు చెప్పిన కారణాలివి. మేజిస్ట్రేట్లు దాదాపు ప్రతిసారీ వాటినే నమోదు చేశారు. ఎన్‌గుడ్లే నుంచి 1990 దాకా ఇలా పోయినవాళ్లు డెబ్భై మందికి అటూ ఇటూ.

నల్లజాతి చైతన్య ఉద్యమ నాయకుడు స్టీవ్ బికో చావు గురించి చాలామందికి తెలుసు. 1977 ఆగస్టు 18న పట్టుకున్నారు. పోర్ట్ ఎలిజబెత్‌లో ఇంటరాగేషన్‌లో తలకు దెబ్బ తగిలింది. ఆ స్థితిలో, బట్టల్లేకుండా, ల్యాండ్‌రోవర్ వెనక పడుకోబెట్టి వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రిటోరియాకు తీసుకుపోయారు. సెప్టెంబర్ 12న చనిపోయారు. నిరాహారదీక్ష వల్లనే అని మొదట చెప్పిన మంత్రి జిమ్మీ క్రూగర్, ఆ చావు తనను కదిలించలేదని పార్టీ సభలో అన్నాడు. తప్పెవరిదీ కాదని మేజిస్ట్రేటు తేల్చారు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది పోలీసులు కాదు, ఆ మధ్యలో బికోను చూసిన ఇద్దరు డాక్టర్లు, టక్కర్, లాంగ్. మాట తడబడుతున్న, నడవలేని మనిషిని చూసి ప్రత్యేకంగా ఏ లోపమూ కనపడలేదని లాంగ్ చీటీ రాసిచ్చాడు. టక్కర్ ఆ ప్రయాణానికి అడ్డు చెప్పలేదు. వైద్య మండలి మొదట వాళ్ల జోలికే పోలేదు. కొందరు తోటి డాక్టర్లు కోర్టుకెక్కితే 1985లో టక్కర్ పేరు తీసేశారు, లాంగ్‌ను మందలించారు. అదే ఏడాది, అదే పోర్ట్ ఎలిజబెత్‌లో, వెండీ ఆర్ అనే యువ ప్రభుత్వ డాక్టరు తాను పరీక్షించిన నిర్బంధితుల ఒంటి మీది దెబ్బల లెక్కంతా అఫిడవిట్‌గా రాసి కోర్టులో వేశారు. కొట్టడం ఆపమని కోర్టు పోలీసులను ఆదేశించింది. ఒకే ఊరు, ఒకే ఉద్యోగం.

1986 జూన్ 12న దేశమంతా ఎమర్జెన్సీ పెట్టాక ఒక్క ఏడాదిలో ఇరవై వేలకు పైగా మనుషులను లోపల వేశారు, అందులో బడి పిల్లలు చాలామంది. ఇక ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి మాట్లాడించే పద్ధతి పోయింది, ఊళ్లకు ఊళ్లను ఖాళీ చెయ్యడమే. 1989 మొదట్లో వందలమంది నిర్బంధితులు అన్నం మానేశారు. ఆసుపత్రులు నిండాయి, ప్రభుత్వం ఒక్కొక్కరినీ వదలాల్సి వచ్చింది.

పక్కనే రొడీషియాలో (ఇప్పటి జింబాబ్వే) ఇయాన్ స్మిత్ తెల్ల ప్రభుత్వం ఇదే దారిలో నడిచింది. రాబర్ట్ ముగాబే పదేళ్లకు పైగా లోపల ఉన్నారు, అందులో ఎక్కువ భాగం విచారణ లేకుండానే. 1980లో స్వాతంత్ర్యం వచ్చింది, ముగాబే ప్రధాని అయ్యారు, తెల్ల ప్రభుత్వం పెట్టిన ఎమర్జెన్సీని మరో పదేళ్లు కొనసాగించారు. ప్రత్యర్థి వర్గపు సైనిక నాయకులు దబెంగ్వా, మసుకు 1983లో రాజద్రోహం కేసులో నిర్దోషులుగా బయటపడితే వెంటనే మళ్లీ పట్టుకున్నారు. విన్నీని ఎలా పట్టుకున్నారో సరిగ్గా అలాగే. అక్కడి 1960 నాటి శాంతిభద్రతల చట్టం 2002 దాకా పుస్తకాల్లో ఉంది.

దక్షిణాఫ్రికాలో కొత్త ప్రభుత్వం నిజం చెప్పినవాళ్లకు క్షమాభిక్ష ఇచ్చే కమిషన్ పెట్టింది. చెప్పనివాళ్ల, క్షమాభిక్ష దొరకనివాళ్ల కేసులు మూడొందల వరకు ప్రాసిక్యూటర్ల బల్ల మీదికి వెళ్లాయి, ఏళ్ల తరబడి అక్కడే ఉన్నాయి. అహ్మద్ తిమోల్ అనే ఇరవై తొమ్మిదేళ్ల టీచరు 1971 అక్టోబర్ 27న జొహనెస్‌బర్గ్‌లో జాన్ వోర్‌స్టర్ స్క్వేర్ పోలీస్ స్టేషన్ పదో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. అవును, ఆ మంత్రి పేరే ఆ భవనానికి పెట్టారు. కిటికీలోంచి తనంతట తానే దూకాడని 1972లో మేజిస్ట్రేటు రాశారు. మేనల్లుడు పట్టు వదలకపోవడంతో 2017లో విచారణ మళ్లీ తెరిచారు, తెల్ల ప్రభుత్వం 1959లో చేసిన మరణ విచారణల చట్టం కిందే. దూకలేదు, తోసేశారు అని జడ్జి తీర్పు చెప్పారు. దూకినప్పుడు గదిలో ఉన్నది నేనొక్కడినే అని 1972లో సాక్ష్యం చెప్పిన పోలీసు ఉద్యోగి జోవో రోడ్రిగెస్ మీద 2018లో హత్య కేసు పెట్టారు. పాత కేసు, ముసలివాణ్ని, కొట్టెయ్యండి అని ఆయన ఒక్కో కోర్టూ ఎక్కారు. ప్రతిచోటా లాయరు పక్కనే ఉన్నారు, బెయిల్ మీద ఇంట్లోనే ఉన్నారు. 2021లో, విచారణ మొదలుకాకముందే చనిపోయారు.